ఆఫ్రికా జీడిపిక్కల కొనుగోలు: చూడవలసింది టన్ను ధర కాదు, పప్పు దిగుబడి

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు మిల్లులకు ఉద్దానం పిక్కలు ఏడాది పొడవునా సరిపోవు. 2013 అక్టోబరులో పైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు తోటలను నేలమట్టం చేసిన తరువాత ఈ కొరత మరింత పెరిగింది. పడిపోయిన జీడిచెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మిల్లు మాత్రం అన్నేళ్లు ఆగజాలదు. పిక్క కొట్టే కూలీలు, డ్రయ్యర్లు, బ్యాంకు అప్పు మీద వడ్డీ ఇవేవీ ఆగేవి కావు గనుక పశ్చిమాఫ్రికా, తూర్పు ఆఫ్రికా సరకు మీద ఆధారపడడం తప్పనిసరి అయింది.

పూర్వం ఈ దిగుమతి వ్యవహారం చిన్న మిల్లుదారు చేతిలో ఉండేది కాదు. 1970లో ఏర్పడిన కాజూ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ద్వారానే ముడి పిక్కలు దేశంలోకి వచ్చిన కాలంలో విదేశీ అమ్మకందారును వెదకడం, బేరమాడడం, నాణ్యత గురించి తగవు పడడం అన్నీ కార్పొరేషన్ పనులే. ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు విదేశీ వాణిజ్య డైరెక్టరేటు నుంచి దిగుమతి కోడ్ తీసుకున్న ఏ వ్యాపారి అయినా అబిజాన్‌లోనో, లాగోస్‌లోనో ఉన్న అమ్మకందారుతో నేరుగా ఒప్పందం చేసుకోవచ్చు. స్వేచ్ఛతో పాటు పరీక్షించుకోవలసిన భారమూ వచ్చి పడింది. పెద్ద దిగుమతిదారుకు 50 కంటైనర్లలో ఒకటి చెడితే అది ఖర్చుల పద్దు. చిన్న మిల్లుకు ఆ ఒక్క కంటైనరే ఆ సీజను పెట్టుబడి అంతా.

టన్ను ధర చెప్పని సంగతి

ఆఫ్రికా నుంచి వచ్చే కొటేషన్లలో మొదట కంటబడేది టన్నుకు ఇన్ని డాలర్లు అనే అంకె. అక్కడే చూపు నిలిపిన వర్తకుడు దెబ్బ తింటాడు. మిల్లు అమ్మేది పిక్కలు కాదు, పప్పు. కనుక కొంటున్నదీ పప్పే అని లెక్కవేయాలి. అంతర్జాతీయ మార్కెట్టులో ఈ లెక్కకు వాడే కొలమానం అవుట్‌టర్న్, అనగా 80 కిలోల పిక్కల బస్తా నుంచి రాగల పప్పు, పౌండ్లలో. మెట్రిక్ పద్ధతి వచ్చి ఎన్నో ఏళ్లయినా ఈ వ్యాపారం మాత్రం పిక్కను కిలోల్లోను, పప్పును పౌండ్లలోను కొలవడం మానలేదు. ఒక పౌండు 453.6 గ్రాములని గుర్తుంచుకుంటే చాలు.

ఉదాహరణకు రెండు కొటేషన్లు వచ్చాయనుకుందాం. మొదటిది టన్ను 1,380 డాలర్లు, అవుట్‌టర్న్ 46 పౌండ్లు. రెండవది టన్ను 1,500 డాలర్లు, అవుట్‌టర్న్ 52 పౌండ్లు. పైకి చూస్తే రెండవది 120 డాలర్లు ప్రియం. టన్నుకు పన్నెండున్నర బస్తాలు గనుక మొదటి సరకు బస్తా 110.40 డాలర్లు, రెండవది 120 డాలర్లు. ఈ మొత్తాన్ని పౌండ్లతో భాగిస్తే మొదటి దానిలో పప్పు పౌండు 2.40 డాలర్లు, రెండవ దానిలో 2.31 డాలర్లు పడుతుంది. ప్రియంగా కనిపించిన సరకే చౌక. అంతేకాదు, ఆవిరి పట్టడానికి, కొట్టడానికి బస్తాకు అయ్యే ఖర్చు రెండింటికీ దాదాపు ఒక్కటే. ఎక్కువ పప్పు వచ్చే బస్తా మీద ఆ ఖర్చు పలచబడుతుంది.

20 అడుగుల కంటైనరులో సుమారు 16 టన్నులు, అనగా 200 బస్తాలు పడతాయి. ఒక్క పౌండు తేడా వస్తే 200 పౌండ్లు, అనగా దాదాపు 91 కిలోల పప్పు తగ్గినట్లు. సగటున కిలో పప్పు రూ. 600 చొప్పున లెక్కగట్టినా రూ. 54 వేలకు పైమాటే. మూడు పౌండ్లు తగ్గితే రూ. 1.63 లక్షలు. ఈ అంకెలు కేవలం లెక్క కోసం చెప్పినవి. ఆనాటి ధర ప్రకారం మిల్లుదారు తన లెక్క తాను కట్టుకోవాలి.

అవుట్‌టర్న్ తరువాత అడగవలసిన అంకె నట్ కౌంట్, అనగా కిలోకు ఎన్ని పిక్కలు తూగుతాయన్నది. 180 తూగే పిక్క లావుది. 220 తూగేది సన్నది. రెండింటి అవుట్‌టర్న్ సమానమే అయినా లావు పిక్క నుంచి డబ్ల్యు 210, డబ్ల్యు 240 వంటి పెద్ద గుండ్లు ఎక్కువగా వస్తాయి. సన్న పిక్కలో డబ్ల్యు 320, అంతకంటె చిన్న రకాలు పెరుగుతాయి. డబ్ల్యు 320 అంటే పౌండుకు 300 నుంచి 320 గుండ్లు తూగే రకం. పైగా సన్న పిక్కతో కిలో పప్పు తీయడానికి ఎక్కువ పిక్కలు కొట్టాలి, కూలి పెరుగుతుంది. మిఠాయి దుకాణాలకు బద్ద, ముక్క అమ్ముకునే మిల్లుకు ఈ తేడా అంత పట్టింపు కాకపోవచ్చు. గుండు మీద బతికే మిల్లుకు మాత్రం నట్ కౌంట్ లేని కొటేషను సగం కొటేషనే.

కోత పరీక్ష

అవుట్‌టర్న్ అన్నది అమ్మకందారు చెప్పే మాట కాకూడదు. అది కత్తితో తేలవలసినది. పరీక్ష చేసే పద్ధతి తెలియని మిల్లుదారు పలాసలో ఉండడు గాని, దిగుమతి తగవుల్లో లెక్కకు వచ్చే పద్ధతి కొంత వేరు. కంటైనరు ముందువరుస బస్తాల నుంచే కాక మధ్య, వెనుక వరుసల నుంచి కూడా మచ్చు తీయాలి. ఒక్కొక్క బస్తాలో పై భాగం, నడుమ, అడుగు మూడు చోట్ల నుంచీ బొంబుతో లాగాలి. అంతా కలిపి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరకు ఒక కిలోకు తేవాలి.

ఆ కిలోలోని పిక్కలు లెక్కపెట్టి, ఒక్కొక్కదానిని నిలువునా కోయాలి. మంచి పప్పు ఒక వైపు, మచ్చలు పడినది, పాలుపట్టక ముడుచుకున్నది ఇంకొక వైపు, తాలు, కుళ్ళు, నూనె కారి నల్లబడినవి మూడవ వైపు. మంచి పప్పు బరువు పూర్తిగా, రెండవ రకం బరువు సగం మాత్రమే తీసుకుంటారు. మూడవ రకానికి విలువ లేదు. మంచి పప్పు 250 గ్రాములు, మచ్చలది, ముడుతది కలిపి 30 గ్రాములు వచ్చిందనుకుంటే లెక్కకు 265 గ్రాములు. దానిని 80తో గుణించి 453.6తో భాగిస్తే 46.7 పౌండ్లు.

ఇక్కడ కొత్తవారు తరచు పొరబడే విషయం ఒకటున్నది. ఈ బరువు ఎర్ర పొట్టుతో కలిపి తూచినది. మిల్లులో ఆరబెట్టి, పొట్టు తీసి, నలిగినది పోగా డబ్బాలోకి ఎక్కే పప్పు ఇంతకంటె తక్కువే. అవుట్‌టర్న్ అంకెనే అమ్మకపు పప్పుగా పుస్తకంలో రాసుకుంటే లాభం కాగితం మీదనే మిగులుతుంది. మిల్లుదారు తన మిల్లులో అవుట్‌టర్న్‌కూ డబ్బా పప్పుకూ ఎంత వ్యత్యాసం వస్తున్నదో రెండు మూడు లాట్లకు విడిగా రాసి పెట్టుకుంటే, తరువాతి కొటేషన్ చూసినప్పుడు ఎవరి సలహా అక్కరలేదు.

తేమ, సముద్రం

బాగా ఎండిన పిక్కలో తేమ 8 నుంచి 10 శాతం లోపల ఉండాలి. పచ్చిగా బస్తాకెత్తిన సరకులో 12 శాతం దాటుతుంది. 12 శాతం తేమతో తూచి డబ్బు కట్టిన 16 టన్నులను 8 శాతానికి ఎండబెట్టితే మిగిలేది 15,304 కిలోలు. దాదాపు 700 కిలోలు, అనగా ఎనిమిదిన్నర బస్తాలకు పైగా నీళ్లకు డాలర్లు చెల్లించినట్లు.

బరువు నష్టం ఒక ఎత్తు, బూజు మరొక ఎత్తు. పశ్చిమాఫ్రికా నుంచి మన తూర్పు తీరానికి, దారిలో ఓడ మారే సరకు చేరడానికి నెలకు పైగా పడుతుంది. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడే ఇనుప పెట్టెలో పిక్కలలోని తేమ ఆవిరై పైకప్పుకు అంటుకొని, చినుకులుగా మళ్లీ బస్తాల మీదనే పడుతుంది. అమ్మకందారు మంచి సరకే ఎక్కించినా పెట్టె లోపలి గోడలకు మందపాటి కాగితం కట్టకపోతే, తేమ పీల్చే సంచులు వేలాడదీయకపోతే పై వరుస బస్తాలు నల్లబడి దిగుతాయి. ఈ ఖర్చు ఎవరిదో, ఎన్ని సంచులు కట్టాలో ఒప్పందంలో రాయించుకోవడం చిన్న విషయంగా తోచవచ్చు. అలా తోచినందువల్లనే తగవులు వస్తున్నాయి.

సి.ఐ.ఎఫ్. ధరకు కొన్నాము, బీమా ఉన్నది గదా అనే ధీమా కూడా సరికాదు. 2020 ఇన్‌కోటర్మ్స్ ప్రకారం సి.ఐ.ఎఫ్. అమ్మకందారు తీసుకోవలసిన బీమా కనీస స్థాయిది, సి క్లాజు. ఓడ మునగడం, అగ్నిప్రమాదం వంటి పెద్ద ఆపదలకే అది పనికివస్తుంది. పెట్టెలో చెమట పట్టి తడిసిన సరకుకు, దొంగతనానికి వర్తించదు. అన్ని ప్రమాదాలకు వర్తించే ఏ క్లాజు కావాలని ముందే అడిగి రాయించుకోవాలి. లేదా సి అండ్ ఎఫ్ ధరకు కొని బీమా ఇక్కడే తీసుకోవాలి. సరకు అక్కడ ఓడ ఎక్కగానే నష్టభయం కొనుగోలుదారుకు మారుతుందన్న సంగతి రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే.

ఏ దేశం, ఏ నెల

నైజీరియా, బెనిన్, ఘనా, ఐవరీ కోస్ట్ పంట ఫిబ్రవరిలో మొదలై జూన్ వరకు వస్తుంది. గినీ బిస్సావ్ కొంత ఆలస్యంగా, ఏప్రిల్ తరువాత దిగుతుంది. మన పంట కూడా మార్చి, మే నెలల మధ్యదే. టాంజానియా, మొజాంబిక్ పంట అక్టోబరు నుంచి. అందుచేత చలికాలంలో గిడ్డంగి ఖాళీ అయ్యే మిల్లుకు తూర్పు ఆఫ్రికా సరకు అదనుకు అందుతుంది.

దిగుబడిలో గినీ బిస్సావ్, టాంజానియా పిక్కలకు పేరున్నది. 50 పౌండ్లు, ఆపైన కూడా పలుకుతాయి. ఐవరీ కోస్ట్ సరకు సాధారణంగా 46, 48 పౌండ్ల ప్రాంతంలో ఉంటుంది. అయితే దేశం పేరు చూసి ధర కట్టడం పొరపాటు. ఒకే రేవు నుంచి మార్చిలో వచ్చిన సరకూ, వానలు మొదలైన తరువాత జూన్‌లో ఏరిన సరకూ ఒకటి కావు. నిరుటి నిల్వ కలిపిన లాట్లు సీజను మొదట్లోనే ఎక్కువగా కనబడతాయి. కొత్త పిక్క తక్కువగా ఉండి ధర ఎక్కువ పలికే రోజులు గదా!

ప్రభుత్వాల నిర్ణయాలను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. 2018 నవంబరులో టాంజానియా అధ్యక్షుడు మగుఫులి వర్తకులు పాడిన ధరలు చాలవని తోసిపుచ్చి, కిలో 3,300 షిల్లింగుల చొప్పున పంటను ప్రభుత్వమే కొంటుందని ప్రకటించి, సైన్యాన్ని రంగంలోకి దించారు. ఆ ఏడాది ఆ సరకును నమ్ముకున్న కొనుగోలుదారులు దిక్కులు చూడవలసి వచ్చింది. పప్పు తమ దేశంలోనే తీయాలన్న పట్టుదలతో బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతిని నిలిపివేయాలని నిర్ణయించింది. ఒకే దేశం, ఒకే అమ్మకందారు మీద సీజను అంతా వేలాడడం ఏ విధంగా చూసినా మంచిది కాదు.

ఒప్పందంలో అసలు పేచీ

నాణ్యత షరతులో మూడు విషయాలుంటాయి. మూల అవుట్‌టర్న్, తిరస్కరణ హద్దు, తుది పరీక్ష జరిగే చోటు. మొదటి రెండింటి మీద బేరం గట్టిగా సాగుతుంది. మూడవదానిని ఎవరూ పట్టించుకోరు. నిజానికి మొదటి రెండింటి విలువ మూడవదాని మీదనే ఆధారపడి ఉంది. ఎక్కించే రేవులో సర్వేయరు ఇచ్చిన పత్రమే తుది అని రాసి ఉంటే, విశాఖపట్నంలో పెట్టె తెరిచిన తరువాత 43 పౌండ్లు తేలినా కొనుగోలుదారు చేయగలిగింది లేదు. దిగే రేవులో, ఇరుపక్షాలు ఒప్పుకున్న స్వతంత్ర సర్వేయరు సమక్షంలో జరిగే పరీక్షే తుది అని రాయించుకోవాలి. అమ్మకందారు దీనికి వెంటనే ఒప్పుకోడు. ఒప్పుకోనందుకు ధరలో ఎంత తగ్గిస్తాడో అడగడం వర్తక న్యాయం.

టన్ను 1,440 డాలర్లు, మూలం 48 పౌండ్లు అనుకుంటే పౌండుకు 30 డాలర్లు. 46 వస్తే టన్నుకు 60 డాలర్ల తగ్గింపు, కంటైనరుకు 960 డాలర్లు. ఈ తగ్గింపుతో నష్టం పూర్తిగా తీరుతుందనుకోరాదు. డాలరు రూ. 90 అని లెక్కకు తీసుకుంటే ఒక్క పౌండుకు వచ్చే తగ్గింపు రూ. 43,200. పైన చూసినట్లు మిల్లు కోల్పోయే పప్పు విలువ రూ. 54 వేలు. మిగతాది మిల్లే భరించాలి. అందుచేత కొందరు జాగ్రత్తపరులు మూలం కంటె రెండు పౌండ్లు తగ్గిన తరువాత తగ్గింపు రెట్టింపు కావాలని రాయించుకుంటారు.

తిరస్కరణ హద్దు 45 అని రాసుకున్నంత మాత్రాన 44 వచ్చిన సరకును నిజంగా తిప్పి పంపగలమా? డబ్బు అప్పటికే చెల్లిపోయి ఉంటే ఆ హక్కు కాగితానికే పరిమితం. ఇక్కడే లెటర్ ఆఫ్ క్రెడిట్ గురించిన అపోహ తొలగించుకోవలసి ఉంది. ఎల్.సి. తెరిస్తే సరకుకు బ్యాంకు పూచీ అని పలువురు భావిస్తారు. 2007 జూలై నుంచి అమలులో ఉన్న యు.సి.పి. 600 నియమాల ప్రకారం బ్యాంకులు చూసేది పత్రాలను మాత్రమే, సరకును కాదు. పత్రాలు షరతుల ప్రకారం ఉంటే బస్తాల్లో తాలు పిక్కలున్నా డబ్బు చెల్లించవలసిందే. కనుక ఎల్.సి.లో ఏ పత్రాలు అడిగామన్నదే రక్షణ. కొనుగోలుదారు పేరు చెప్పి నియమించిన సర్వేయరు ఇచ్చిన నాణ్యత, తూకం పత్రం, అందులో కనీస అవుట్‌టర్న్, గరిష్ట తేమ, నట్ కౌంట్ అంకెలతో సహా ఉండాలని ఎల్.సి.లో స్పష్టంగా రాయించాలి.

98 శాతం పత్రాల మీద, 2 శాతం తుది పరీక్ష తరువాత చెల్లించే షరతు కూడా పెట్టుకోవచ్చు. పై ఉదాహరణలో కంటైనరు విలువ 23,040 డాలర్లు. అందులో 2 శాతం 460 డాలర్లు. ఒక్క పౌండు లోటుకే అది చాలదు. 5 శాతం నిలిపితే 1,152 డాలర్లు, రెండు పౌండ్ల లోటు దాటి కొంత మిగులుతుంది. బేరం చేయవలసింది ఈ అంకె మీద. టన్నుకు 10 డాలర్లు తగ్గించమని నాలుగు రోజులు ఫోన్లు చేయడం కంటె ఇది లాభసాటి.

ధర కదిలినప్పుడు ఒప్పందాల గట్టితనం తెలుస్తుంది. 2018లో ధరలు పడిపోయినప్పుడు వెనుకకు తగ్గినవారు కొనుగోలుదారులు. 2024లో ధరలు పెరిగినప్పుడు మాట తప్పినవారు ఆఫ్రికా అమ్మకందారులు. పాత ధరకు ఒప్పుకున్న సరకు పంపడం లేదని వియత్నాం మిల్లుల సంఘం తమ ప్రభుత్వానికి మొర పెట్టుకున్నది. అంత పెద్ద కొనుగోలుదారులకే ఆ గతి పట్టగా, ముందుగా బయానా పంపిన చిన్న మిల్లు వెనుక తిరిగేదెవరు? బయానా అడిగే కొత్త అమ్మకందారుకు, ధర ఎంత చౌక అయినా, దూరంగా ఉండడమే మేలు.

చిన్న మిల్లుకు ఏ దారి

నేరుగా దిగుమతి చేయడం ఒక్కటే మార్గం కాదు. ఓడ సముద్రం మీద ఉండగానే దిగుమతిదారు పత్రాలు మార్చి అమ్మే హై సీ సేల్ పద్ధతిలో ఒకటి, రెండు కంటైనర్లు కొనవచ్చు. గిడ్డంగిలో దిగిన తరువాత స్వయంగా మచ్చు కోసి చూసి, రూపాయలలో కొనడం ఇంకా నిశ్చింత. ఇందులో దిగుమతిదారు లాభం కలుస్తుంది. డాలరు రూపాయి పెరిగితే పై కంటైనరు మీద పడే రూ. 23 వేల భారం మాత్రం తప్పుతుంది. మొదటి సీజను ఇలా కొని, ఏ దేశపు సరకు తన మిల్లుకు ఎంత పప్పు ఇస్తున్నదో తెలుసుకొని, రెండవ సీజనులో నలుగురైదుగురు మిల్లుదారులు కలిసి ఒకే సర్వేయరును పెట్టుకొని నేరుగా కొనడం తెలివైన పని. ఒక్క కంటైనరుకు సర్వేయరు ఖర్చు బరువు. ఐదింటికి కాదు.

సుంకం విషయం ఒప్పందానికి ముందే క్లియరింగ్ ఏజెంటును అడగాలి. ముడి పిక్కల మీద 2016 బడ్జెట్టులో 5 శాతం కస్టమ్స్ సుంకం వచ్చింది, 2018 బడ్జెట్టులో అది 2.5 శాతానికి తగ్గింది. బాగా వెనుకబడిన దేశాల సరకుకు మన ప్రభుత్వం 2008లో ప్రకటించిన సుంక రాయితీ పథకం ఉన్నది. టాంజానియా, మొజాంబిక్ ఆ కోవకు చెందుతాయి. ఐవరీ కోస్ట్, ఘనా, నైజీరియా చెందవు. రాయితీ కోరేవారు సరకు ఎక్కడ పండిందో రుజువు చేయగలగాలి. 2020 సెప్టెంబరు నుంచి ఆ సమాచారం దగ్గర ఉంచుకోవలసిన బాధ్యత దిగుమతిదారు మీదనే ఉన్నది. సరిహద్దు దాటి వచ్చిన పొరుగుదేశపు పిక్కకు వేరే దేశం పత్రం అంటించి పంపితే జరిమానా కట్టేది అమ్మకందారు కాదు.

పత్రాలలో మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, ఫ్యూమిగేషన్ పత్రం, మూల దేశ ధ్రువపత్రం, బిల్ ఆఫ్ లేడింగ్ వీటిలో పేరు, బరువు, కంటైనరు నంబరు ఒక్క అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఒరిజినల్ పత్రాలకు ముందు నకళ్లు తెప్పించి ఏజెంటుకు చూపడం మంచిది. తప్పు దిద్దించేలోగా ఉచిత రోజులు గడిచిపోతే రేవులో డెమరేజి ఒక వైపు, కంటైనరు కంపెనీ డిటెన్షన్ మరొక వైపు రోజు రోజుకూ పెరుగుతాయి. ఉచిత రోజులు ఎన్ని అన్నది కూడా సరకు ఎక్కకముందే అమ్మకందారు చేత ఓడ కంపెనీని అడిగించవలసిన విషయం. విశాఖ రేవు నుంచి పలాసకు దూరం 200 కిలోమీటర్ల లోపే గనుక ఖాళీ పెట్టె తిప్పి పంపడంలో జాప్యం జరగకూడదు.

పెట్టె మిల్లుకు చేరిన రోజున సర్వేయరు వచ్చేవరకు సీలు తీయకూడదు. సీలు నంబరును బిల్ ఆఫ్ లేడింగ్‌తో సరిచూసి, తలుపు తెరిచిన వెంటనే పై వరుసలు, పైకప్పు ఫోటో తీయించి, తడిసిన బస్తాలు విడిగా పేర్చి తూచి, మచ్చు మూడు సంచులలో కట్టి ముగ్గురి సీలు వేయించాలి. ఒకటి మిల్లుకు, ఒకటి అమ్మకందారు మనిషికి, ఒకటి సర్వేయరుకు. నాణ్యత మీద క్లెయిము పంపవలసిన గడువు ఒప్పందంలో ఎన్ని రోజులని ఉన్నదో, ఆ రోజులు దిగిన తేదీ నుంచా, తెరిచిన తేదీ నుంచా అన్నది ఆ ఉదయమే మరొకసారి చదువుకోవాలి.